తప్పించుకొను విద్య

పరుగెత్తుటలో నేనొకప్పుడు కొంత పేరుపడినవాడనని పాతవారు కొందరికి జ్ఞాపకముండవచ్చును. ఇప్పుడు గణితము బోధించు ఉపాధ్యాయుడను, వయస్సు ఏబదిరెండు, మేడమెట్లు ఎక్కునప్పటికే ఊపిరి తొందరించును. అయినను పరుగును గూర్చి ఎవరైన తేలికగా మాటాడినచో నేటికిని సహింపలేను. గత వేసవి సెలవులలో నా మేనల్లుడు ఈ యహంకారమును మూడు నిమిషములలో అణచివేసెను. ఆ వృత్తాంతమును మన సంచికలో ప్రకటింపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఇందు వినోదమే కాక, ముప్పది యేడేండ్లుగా నేను దాచుకొన్న విషయ మొకటి కూడ నున్నది. దానిని తుదకు గాని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు. చదువరులు ఓపికపట్టుదురు గాక.

అది మే మాసము. కాలువలు కట్టివేసిన కాలము. మా అక్కగారి యింటి ముందరి కాలువలో నీరు లేక అడుగున బురద నెఱ్ఱెలు వారియుండెను. మధ్యాహ్నపు టెండకు కొబ్బరిచెట్టు నీడ సయితము చెట్టు మొదటనే ముడుచుకొని కూరుచుండెను. లోపలి గదిలో మా మేనల్లుడు తన యప్ప కంప్యూటరు ముందు కూరుచుండి, ఉండియుండి కేకలు వేయుచుండెను.

“ఓరీ, పరీక్షలైనవి గదా యని రాత్రింబగళ్ళు ఆ పెట్టె ముందేమిరా? సాయంకాల మైనను మైదానమునకు పోయి పరుగెత్తరాదా?” అని మందలించితిని.

“పరుగే గదా మామయ్యా, నేను చేయుచున్నది,” అని వాడు తల త్రిప్పకయే బదులు చెప్పెను.

“కుర్చీలో కూరుచున్నవానికి పరుగేమిరా?”

“అయినచో మీరొకమారు పరుగెత్తి చూడుడు,” అని లేచి నాకు కుర్చీ చూపెను.

ఖోఖోలో జిల్లా పోటీలకు పోయివచ్చిన వాడను. ఆ మాటకు వెనుదీయుదునా? కూరుచుంటిని. మీటలు ఎట్లు నొక్కవలెనో వాడు చూపెను. తెరమీద చీకటి తోట యొకటి, అందు నా బొమ్మ యొకటి కనబడెను. గుండె కొట్టుకొను చప్పుడు వినబడెను. ఏదో వచ్చుచున్నదని తెలిసి నేను నిటారుగా, బాణము వలె పరుగెత్తితిని. ఇరువది సెకండ్లు గడవకముందే పట్టుబడితిని. రెండవమారును అట్లే. మూడవమారు అంతకంటె త్వరగా. మా మేనల్లుడు నవ్వు ఆపుకొనుటకు పెదవి కొరుకుకొనుచుండెను.

ఆ ఆట పేరు డెడ్ బై డేలైట్. కెనడా దేశమున మాంట్రియల్ నగరమునందలి బిహేవియర్ ఇంటరాక్టివ్ అను సంస్థ రూపొందించిన ఈ ఆట 2016 లో విడుదలయ్యెను. ఇందు ఐదుగురు ఆడుదురు. ఒకడు తరుమువాడు, తక్కిన నలుగురు పాఱిపోవువారు. ఈ ఐదుగురు ఐదు దేశములలో, ఒకరి నొకరు ఎరుగనివారై యుండవచ్చును. తోటలో చెడిపోయిన జనరేటరులు ఏడుండును. వానిలో ఐదింటిని బాగుచేసినగాని వెలుపలి ద్వారములకు విద్యుత్తు రాదు. ఒంటరిగా ఒక జనరేటరు బాగుచేయుటకు తొంబది సెకండ్లు పట్టును. ఈలోగా తరుమువాడు దొరికినవారిని దొరికినట్లు కొట్టి, కొక్కెములకు తగిలించుచుండును. ఈ భాగము నాకేమియు నచ్చలేదు. పిల్లలకు చూపదగినదియు కాదు. ఆ మాట మా అక్కగారితో చెప్పియే వచ్చితిని. కాని పరుగునకు సంబంధించినంతవరకు ఇందు మంచి గణితమున్నదని మాత్రము ఒప్పుకొనక తప్పదు.

ఎట్లనగా, పాఱిపోవువాని వేగము సెకనుకు 4 మీటరులు. తరుమువారిలో పెక్కండ్రకు 4.6 మీటరులు. అనగా ప్రతి సెకనునకు 0.6 మీటరు చొప్పున మన మధ్య దూరము తరుగును. వాడు 12 మీటరుల వెనుక నున్నాడనుకొందము. సమతలమున నిటారుగా పరుగెత్తినచో సరిగా 20 సెకండ్లలో పట్టుకొనును. అప్పటికి నేను 80 మీటరులు, వాడు 92 మీటరులు పరుగెత్తియుందుము. ఎంత ధైర్యమున్నను, ఎంత ప్రార్థించినను ఈ లెక్క మారదు. తరగతిలో పిల్లలకు ఏటేట చెప్పు లెక్కయే యిది. దొంగ ముందు, పోలీసు వెనుక. అట్టి లెక్క వేయనేర్చిన నేనే నిటారుగా పరుగెత్తితిని.

“మరి తప్పించుకొనువా రెట్లు తప్పించుకొనుచున్నారురా?” అని అడిగితిని. అప్పుడు మా మేనల్లుడు గురువయ్యెను, నేను శిష్యుడ నైతిని.

మొదటి పాఠము: బయలున పరుగెత్తరాదు. తరుమువాడు కనబడకముందే, ఇచటికి పోవలెనని ఒక తావు ఎంచుకొని యుండవలెను. అంతర్వేది సముద్రతీరమున పీతలను తరుమబోయిన ప్రతి బాలునికిని ఇది తెలియును. పీత తిండికై బొరియ విడిచి ఎంత దూరము పోయినను బొరియ ఎక్కడనున్నదో మరువదు. మన నీడ పడినంతనే తిన్నగా అందులోనికి దూరును. మనకన్న అది వేగము కలది కాదు. మనకన్న ముందుగా ఆలోచించుకొన్నది.

రెండవ పాఠము: గోడ చుట్టు తిరుగవలెను. ముప్పది మీటరుల చుట్టుకొలత గల గోడ యొకటి యున్నదనుకొనుడు. ఒక్క చుట్టునకు నాకు ఏడున్నర సెకండ్లు పట్టును. ఆ కాలములో తరుమువాడు 34.5 మీటరులు పోవును. అనగా చుట్టునకు నాలుగున్నర మీటరులు నన్ను సమీపించును. కాని ఆ గోడలో కిటికీ యున్నదేని, వేగముగా వచ్చి దుమికినచో నాకు అర సెకను పట్టును. తరుమువానికి ఒకటిన్నర సెకనుకు పైగా పట్టును. చుట్టులో పోగొట్టుకొన్నది కిటికీ యొద్ద తిరిగి వచ్చును! జమయు ఖర్చును సరిపోయినవి. కాని ఆట కల్పించినవారు వట్టి వెఱ్ఱివారు కారు. ఒక్క తరుములో మూడుమారులు దుమికిన పిమ్మట ఆ కిటికీ కొంతసేపు మూసికొనిపోవును. కావున ఒకే ఉపాయమును నమ్ముకొని యుండరాదు. మూడవ దుముకునకు ముందే తరువాతి తావు చూచుకొనవలెను.

మూడవ పాఠము: వెనుక చూపు. పాఱిపోవువాడు తన బొమ్మను వెనుకనుండి చూచుచుండును; చూపును ఎటైనను త్రిప్పుకొని, ముందునకు పరుగెత్తుచునే వెనుక వచ్చువానిని చూడవచ్చును. తరుమువాడు తన కంటి యెదుట నున్నదానినే చూచును. గోడ కావలనున్న నేను వానిని చూతును. వాడు నన్ను చూడడు. బలవంతునికి వేగమును, బలహీనునికి చూపును ఇచ్చి ఆటకర్తలు త్రాసు సరిచేసిరి.

నాలుగవ పాఠము: జాడ. పరుగెత్తువాని వెనుక నేలమీద ఎఱ్ఱని గీతలు కొంతసేపు నిలిచియుండును; నడచినచో ఉండవు. కావున ఒక మూలవరకు పరుగెత్తి, అక్కడనుండి మెల్లగా నడచి మరియొక దిక్కునకు పోయినచో, తరుమువాడు గీతలు నమ్మి మోసపోవును. వేగము తగ్గించుటయు తప్పించుకొను ఉపాయమే!

ఐదవ పాఠము అన్నిటికంటె కష్టమైనది. దారిలో నిలువబెట్టిన చెక్కబల్లలుండును. బల్లను పడద్రోసినచో తరుమువాని త్రోవ మూయబడును. వాడు దానిని విరుగగొట్టుటకు రెండు సెకండ్లకు పైగా పట్టును. భయపడువాడు బల్ల కనబడినంతనే త్రోసివేయును. విరిగిన బల్ల మరల రాదు. నేర్పరి బల్ల యొద్ద నిలిచి, త్రోయునట్లు నటించును. తరుమువాడు సందేహించి ఒక్క యడుగు వెనుకకు వేసినచో చాలును. బల్ల ఖర్చు కాలేదు, కాలము కలిసివచ్చినది.

చేతిలోని ఫోనులలో మన విద్యార్థులాడు తుపాకి ఆటలలోను ఈ సూత్రములే కొంచెము మారి కనబడును. పబ్జీ మొబైల్‌ను మన ప్రభుత్వము 2020 సెప్టెంబరులో నిషేధించినప్పుడు ఎందరు బాలురు అన్నము మానిరో నేను కన్నులార చూచితిని. అక్కడ వెంబడించునది మనిషి కాదు, గుండు. అందువలన వంకరటింకరగా పరుగెత్తుటయు, చెట్టును గాని యింటిని గాని అడ్డము చేసికొనుటయు, పొగబాంబు వేసి చూపు మూయుటయు నేర్తురు. ఇక ఈ ఆటలన్నిటికిని సామాన్యమైన చిక్కు మరియొకటి గలదు. మన మీట నొక్కిన వార్త దూరమున నున్న యంత్రమునకు పోయి, ఆవలివాని తెరకు చేరుటకు కొంచెము కాలము పట్టును. అది సెకనులో పదవవంతే యైనను, ఆ కాలములో 4 మీటరుల వేగమున పోవు బొమ్మ 40 సెంటిమీటరులు సాగిపోవును. కిటికీ దాటితినని నేను సంతసించుచుండగా, వాని తెరమీద నేనింకను ఇవతలనే యుందును, దెబ్బ తగులును! గాలివాన పట్టి సంకేతములు సరిగా అందని దినములలో మా మేనల్లుడు మరింత ముందుగా మలుపు తిరుగుట గమనించితిని. ఎదుటివాడు చూచుచున్నది మన గడచిన క్షణమని వాడు బాగుగా ఎరుగును.

ఈ పాఠములు వినుచుండగా నాకు మా డ్రిల్లు మాష్టరుగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆయన మద్రాసులోని వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలలో తర్ఫీదు పొందినవారు. 1920 లో హారీ క్రో బక్ అను అమెరికా దేశస్థుడు స్థాపించిన ఆ కళాశాలనుండి వచ్చిన ఉపాధ్యాయులు ఎన్నో మిషను పాఠశాలల మైదానములకు జీవము పోసిరి. మా మాష్టరుగారు మాకు నేర్పిన ఖోఖోయు తప్పించుకొను విద్యయే గదా!

ఎరుగనివారికై ఆ ఆట చెప్పుదును. తరుము జట్టులో ఎనమండుగురు మధ్యవరుస వెంట, ఒకడొక ప్రక్కకు, వాని తరువాతివాడు రెండవ ప్రక్కకు మొగముగా కూరుచుందురు. వరుసకు రెండు కొనలందును రెండు స్తంభములు. తొమ్మిదవవాడు తరుమును. వాడొక దిక్కునకు సాగిన పిమ్మట స్తంభము చేరువరకు వెనుకకు తిరుగరాదు. కూరుచున్నవారి నడుమనుండి ఆవలికి దాటరాదు. దిక్కు మార్చవలెనన్న, కూరుచున్నవాని వీపు తట్టి “ఖో” యని వానిని లేపి, తాను అక్కడ కూలబడవలెను. పాఱిపోవువారు ముగ్గురు ముగ్గురుగా మైదానమున దిగుదురు. వారికి ఈ కట్టుబాట్లేవియు లేవు. తొమ్మిది నిమిషములు ఎంత తక్కువమంది చిక్కిన అంత లాభము.

“వానికి ఏది కూడదో అదియే నీవు చేయుము,” అని మాష్టరుగారు చెప్పెడివారు. వాడు వరుస దాటరాదు. కావున నీవు దాటుము. వాడు వెనుకకు తిరుగరాదు. కావున నీవు తిరుగుము. కూరుచున్నవారి నడుమ కుట్టుపని చేయుచున్న సూది వలె ఇటునుండి అటు, అటునుండి ఇటు దూరి పోవుట గొలుసు. మైదానములో ఒక సగముననే గిరికీలు కొట్టుట వలయము. స్తంభము యొద్ద తరుమువాడు చేయి చాచినప్పుడు మెలిక తిరుగుట మూడవది. చేయి చాచి వంగినవాడు మరల నిలువబడుటకు పట్టు అరక్షణమే మన ప్రాణము. వెనుకకు చూచినచో వేగము పోవును గనుక చెవితో వినుమనెడివారు. “ఖో” ఎక్కడ వినబడినదో అక్కడనుండి అపాయము లేచును. నేటి ఆటలో గుండెచప్పుడు వినిపించుటయు ఇదియే గదా!

కావున మా మేనల్లుని అయిదు పాఠములును, మా మాష్టరుగారి మూడు పద్ధతులును ఒక్క మాటలో ఇమిడియున్నవి: ముందుగా తీర్మానము చేసికొన్నవాడు ఓడును; ఎదుటివానిచేత ముందుగా తీర్మానము చేయించినవాడు బ్రదుకును. చెడుగుడులో ప్రదీప్ నర్వాల్ అను క్రీడాకారుని “డుబ్కీ” చూచినవారికిది తెలియును. పట్టువారు గొలుసుగా చేతులు కలిపి మీద పడుచుండగా, వారి బరువంతయు ముందునకు ఒరిగిన క్షణమున ఆయన ఆ చేతుల క్రిందుగా దూరి ఇవతలి గీత చేరెడివాడు.

భేద మొక్కటి గలదు. కుర్చీలో కూరుచున్నవానికి ఇసుకలో కాలు జారదు, డొక్కలో నొప్పి పుట్టదు, మోకాలి చిప్ప చెక్కుకొనిపోదు. 2022 లో జరిగిన ఖోఖో లీగు తుదిపోటీలో మన తెలుగు యోధాస్ జట్టు ఒడిశా జట్టు చేతిలో 46–45 తో, ఒక్క అంకముతో ఓడినప్పుడు నేను దూరదర్శన యంత్రము ముందు కూరుచుండియే చెమటతో తడిసితిని. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ప్రపంచకప్పులో మన దేశపు పురుషుల జట్టును, స్త్రీల జట్టును నేపాలును ఓడించి గెలిచినప్పుడు కన్నీరు వచ్చినది. ఆ ఊపిరి, ఆ ఇసుక ఎరిగినవానికే ఆ కన్నీరు వచ్చును. ఈ మాట చెప్పి మా మేనల్లునిమీద గెలిచితి ననుకొంటిని. కాని ఆ రాత్రి వాడు నన్ను మరల ఓడించెను.

భోజనములైన పిమ్మట వాడు ఆడుచుండగా వెనుక నిలిచి చూచుచుంటిని. నలుగురిలో ఒకడు దెబ్బతిని, తరుమువానికి చిక్కుటకు సిద్ధముగా నుండెను. మా వాడు తోట ఆవలి కొనన సురక్షితముగా నుండెను. ఉన్నట్లుండి వాడు తన చోటు విడిచి, ఆ యిద్దరి నడుమకు అడ్డముగా పరుగెత్తెను. దెబ్బ వీనికి తగిలెను. దెబ్బతిన్నవాడు చీకటిలోనికి జారిపోయెను. తరుమువాడు వీనిని వెంబడించెను. మా వాడు గోడ చుట్టు తిరిగెను, కిటికీలు దుమికెను, బల్లలు నిలిపి నిలిపి త్రోసెను. ఒకటి, రెండు, మూడు నిమిషములు. ఆ సమయములో తక్కిన మువ్వురు చివరి జనరేటరును బాగుచేసిరి, ద్వారము తెరిచిరి, వెలుపలికి పోయిరి. మా వాడు పట్టుబడెను. తెర నల్లబడెను.

“అయ్యో, ఓడిపోతివి గదరా!” అంటిని.

“ఓడుట యేమి మామయ్యా? ముగ్గురు బయటపడిరి. నా వెంట మూడు నిమిషములు త్రిప్పితిని, ఆ మూడు నిమిషములే వారికి కావలసినవి,” అని వాడు నీళ్ళు త్రాగుటకు లేచిపోయెను. ఆ మువ్వురు ఎవరో వానికి తెలియదు. వారు కృతజ్ఞత చెప్పలేదు. వాడు అందుకు ఎదురు చూడనులేదు.

నేనా రాత్రి నిద్రపోలేదు. అరుగుమీద మంచము వేసికొని ఎండిన కాలువ వైపు చూచుచు పడుకొంటిని. ఇక దాచిన విషయము చెప్పుదును.

నేను పదవతరగతి చదువుచున్నప్పుడు పాఠశాలల పోటీలో తుది ఆట అది. చివరి వంతు. మేము పాఱిపోవువారము, రెండు అంకములు ముందున్నాము. మైదానమున ఆఖరి మువ్వురిలో ఒకడు చిక్కెను. అంకములు రెండు ఒకటియైనది. నేనును నా స్నేహితుడొకడును మిగిలితిమి. ఇంకను ఒక నిమిషము లోపల కాలమున్నది. తరుము నా వెంట నుండెను. నా ఊపిరి పూర్తిగా అయిపోయెను. కాళ్ళు ఇసుకలో కూరుకొనిపోవుచున్నట్లుండెను. నా స్నేహితుడు స్తంభము దగ్గర నిలిచియుండెను. వాని ప్రక్కనే కూరుచున్న తరుము బాలుడు వాని వైపునకే మొగముగా నుండెను. నేను రెండు ప్రక్కలకును పోవచ్చును. నేను వాని వైపునకే పోతిని. తెలిసియే పోతిని. వరుస దాటి వాని ముందునుండి దూసికొనిపోతిని. నా వెనుక “ఖో” వినబడెను. లేచిన బాలునికి ఎదుట దొరికినది నేను కాదు, నా స్నేహితుడు. వాడు చిక్కెను.

రెండును సమానమైనవి. ఈల ఊదుటకును ఆట మరల సాగుటకును నడుమ నాకు నాలుగు ఊపిరులు దొరికినవి. మిగిలిన క్షణములు నేనొక్కడనే నిలిచితిని. సమానమైన అంకములతో ఆట ముగిసినందున పొడిగింపు ఆడించిరి. అందు మా జట్టు గెలిచెను. నన్ను భుజములమీద ఎక్కించుకొని ఊరేగించిరి. బహుమాన సభలో నాకొక ఫౌంటెను పెన్ను ఇచ్చిరి. నా స్నేహితుని మాత్రము, “స్తంభము ప్రక్కన దిష్టిబొమ్మ వలె నిలిచెను” అని అందరును ఎగతాళి చేసిరి. ఆ వెక్కిరింతకు వాడు నవ్వెను. ఆ దినముతో వాడు ఆట విడిచిపెట్టెను. నేనొక్క మాటయు పలుకలేదు. ఆ పెన్నుతోనే పబ్లికు పరీక్ష వ్రాసితిని.

యోహాను సువార్తలో తోడేలును చూచి గొఱ్ఱెలను విడిచి పాఱిపోవు జీతగాని మాట ప్రార్థనా సమావేశములలో వచ్చినప్పుడెల్ల నేను తల వంచుకొనెడివాడను. జీతగాడు గొఱ్ఱెలను విడిచి పాఱిపోయెను. నేను తోడేలును గొఱ్ఱె మీదికి త్రోవ చూపితిని.

తెల్లవారగానే బయలుదేరి, రావులపాలెము మీదుగా అంబాజీపేటకు పోతిని. నా స్నేహితుడు అక్కడ కొబ్బరికాయల వ్యాపారము చేయుచున్నాడు. పెండ్లిండ్లలో, చావులలో ఎన్నియో మారులు కలిసికొంటిమి గాని ఈ మాట మా నడుమ ఎన్నడును రాలేదు. కాయల రాసి నీడన ముక్కాలిపీట వేసి నన్ను కూరుచుండబెట్టి, బొండము కొట్టించి యిచ్చెను. నేనది త్రాగకముందే ఉన్నదున్నట్లు చెప్పివేసితిని.

వాడు చాలసేపు కాయలు లెక్కించువారి వైపే చూచుచుండెను. పిమ్మట, “ఓరి పిచ్చివాడా, అది నాకు తెలియదనుకొంటివా? నీవు నా వైపు తిరుగుట చూచితిని. రెండడుగులు ఆవలికి వేసినచో తప్పుకొందును. నీ మొగము చూచితిని, ఊపిరి లేదు. నీవు చిక్కినచో నేనొక్కడను అంతసేపు నిలువగలవాడనా? నేను చిక్కినచో నీకు నాలుగు ఊపిరులు దొరకునని నిలిచితిని,” అనెను.

నాకు నోట మాట రాలేదు.

“ఆ పెన్ను మాత్రము నాకీయవలసినదిరా!” అని వాడు ఫక్కున నవ్వెను.

వాడు చెప్పినది నిజమో, ముప్పది యేడేండ్ల పాపభారముతో వచ్చినవానిని ఊరడించుటకు అప్పటికప్పుడు కల్పించినదో, నేటికిని నే నెరుగను. తరచి అడుగుటకు ధైర్యము లేకపోయెను. నిజమే యైనచో వాడు ఆనాడు నన్ను రక్షించెను. కల్పనయే యైనచో ఈనాడు రక్షించెను. ఎట్లైనను అడ్డముగా వచ్చినవాడు వాడే.

విద్యార్థులారా, ఆటలలో కాలమును వ్యర్థము చేయకుడని ఉపాధ్యాయుడుగా నేను చెప్పవలసియున్నది, చెప్పుచున్నాను. సాయంకాలము తెర ఆర్పి మైదానమునకు రండు. ఇసుకలో రెండు మారులు పడినగాని మలుపు తిరుగుట రాదు. కాని తెరమీద నైనను, మైదానమున నైనను తరుము తప్పదు గనుక, తప్పించుకొను విద్య బాగుగా నేర్చుకొనుడు. పోవుతావు ముందే చూచుకొనుడు. ఉన్న బల్లలన్నియు ఒక్కమారే త్రోసివేయకుడు. తరుమువాని కట్టుబాటు ఏదో కనిపెట్టుడు. సౌలు రాజు తరుముచుండగా అదుల్లాము గుహలో దాగిన దావీదు నొద్దకు ఇబ్బందులలో నున్నవారు నాలుగువందలమంది చేరిరని సమూయేలు గ్రంథము చెప్పును. తాను తరుమబడుచు ఇతరులకు నీడయైన వాడతడు. మీరు మలుపు తిరుగునప్పుడు ఆ మలుపులో ఎవరు నిలిచియున్నారో కూడ ఒకమారు చూడుడు.

వచ్చు వేసవికి మా మేనల్లునియొద్ద మరల పాఠము చెప్పించుకొందును. ఇప్పటికి నేను ఒక నిమిషమున్నర వరకు చిక్కకుండ నిలువగలుగుచున్నాను. అది ఒక జనరేటరు బాగుచేయుటకు సరిపోవు కాలము.